వేరు ఎవరిది, సీసా ఎవరిది? ఎకినేషియా పువ్వు చరిత్ర



పోస్టు కాస్త పెద్దదే. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. మేము పల్నాడులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఏ పుస్తకం చదివినా, ఇందులో మనలాంటోళ్ళు యాడ ఉన్నారని వెతకడం మాకు అలవాటైపోయింది. ఈసారి ఒక పువ్వు చరిత్రలో వెతికాం. ఆ పువ్వు పేరు ఎకినేషియా. ఇంగ్లీషులో కోన్‌ఫ్లవర్ అంటారు. మన నల్లమలలో మొలిచే మొక్క కాదు. కానీ జలుబుకి, ఒంట్లో శక్తికి అని చెప్పి అమ్మే మాత్రల సీసాల మీద, టీ పొట్లాల మీద ఈ పేరు కనపడుతుంది. ఆ సీసా వెనక ఒక ఆదివాసీ కథ ఉంది. ఆ కథ మన గూడేల దాకా వస్తుంది. అందుకే రాస్తున్నాం.

ముందు మొక్క సంగతి. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. ఉత్తర అమెరికా ఖండం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది అడవి మొక్కగా లేదు. జాతులు తొమ్మిదో పదో ఉన్నాయి. గులాబీ రంగు రేకులు కిందికి వాలి ఉంటాయి. మధ్యలో బొడ్డు గోపురంలాగా పైకి లేచి, ముళ్ళు ముళ్ళుగా, నారింజ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. గ్రీకు భాషలో ఎకినోస్ అంటే ముళ్ళ జంతువు. ఆ ముళ్ళ బొడ్డుని చూసి 1794లో జర్మనీ వృక్షశాస్త్రవేత్త మోంక్ ఎకినేషియా అని పేరు పెట్టాడు. అంతకుముందు 1753లో లిన్నేయస్ దీన్ని రుడ్‌బెకియా అన్నాడు. రుడ్‌బెక్ అంటే స్వీడన్‌లో లిన్నేయస్‌కి పాఠం చెప్పిన ప్రొఫెసరు. ఎక్కడో అమెరికా బయళ్ళలో పూసే పువ్వుకి స్వీడన్ ప్రొఫెసరు పేరు అన్నమాట.

మరి ఆ బయళ్ళలో వేల ఏళ్ళుగా ఉన్న జనం ఏమని పిలిచేవాళ్ళు? ఇది మెల్విన్ గిల్‌మోర్ అనే ఆయన రాసి పెట్టాడు. మిస్సోరి నది ప్రాంతంలోని తెగలు ఏ మొక్కని దేనికి వాడేవాళ్ళో పెద్దల్ని అడిగి రాసుకున్నాడు. అది 1919లో అచ్చయింది. అందులో ఈ పువ్వుకి ఒక్కో తెగలో ఒక్కో పేరు. ఒమాహా, పోంకా వాళ్ళు దీన్ని దువ్వెన మొక్క అనేవాళ్ళు. ఎండిన ముళ్ళ బొడ్డు దువ్వెనలాగే ఉంటుంది కదా. వాళ్ళదే ఇంకో పేరు కంటికి సంబంధించింది, ఎందుకంటే దీంతో కళ్ళు కడిగేవాళ్ళు. డకోటా వాళ్ళు కొరడా మొక్క అన్నారు. పావ్నీ వాళ్ళ పేరులో చెయ్యి, తిప్పడం అనే మాటలున్నాయి. పిల్లలు రెండు కాడలు తీసుకుని, తలకి తల ఆనించి, ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుతూ ఆడుకునేవాళ్ళంట. పావ్నీల్లోనే ఇంకో పేరు పుట్టగొడుగు మందు. ఆ బొడ్డు ఆకారాన్ని బట్టి.

ఈ పేర్లని ఒకసారి మళ్ళీ చూడండి. దువ్వెన, కన్ను, పిల్లల ఆట, మందు. పేరు వింటే చాలు, ఆ మొక్కతో ఆ జనం ఎట్టా బతికారో తెలిసిపోతుంది. ప్రొఫెసరు పేరు వింటే ఏం తెలుస్తుంది? మన గూడేల్లో కూడా ఒక్కో చెట్టుకి ముసలోళ్ళు చెప్పే పేరు ఒకటి, పుస్తకంలో పేరు ఒకటి ఉంటాయి. పుస్తకంలో లేదని ముసలోళ్ళ పేరుని మనమే తక్కువగా చూస్తాం.

వాడకం సంగతి కూడా గిల్‌మోర్ రాశాడు. పాము కాటుకి, తేలు లాంటి విషపు పురుగుల కాటుకి ఆ తెగలన్నీ దీన్నే వాడేవంట. పంటి నొప్పికి వేరు ముక్కని పన్ను మీద పెట్టుకునేవాళ్ళు. గవదబిళ్ళలకి, కాలిన పుండ్లకి, తలనొప్పికి, ఆఖరికి గుర్రాల జబ్బుకి కూడా. వేరు నమిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. దాంతోనే ఒక విన్నెబాగో మనిషి, నిప్పు కణిక నోట్లో పెట్టుకుని జనానికి చూపించేవాణ్ణని చెప్పాడు. కొందరు ఈ రసం చేతులకి పూసుకుని మసిలే కుండలోంచి మాంసం ముక్క తీసేవాళ్ళంట.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. వాళ్ళు వాడారన్నది చరిత్ర. పాము కాటుకి ఇది పనిచేస్తుందని మేము చెప్పడంలేదు. మిరప తోటలో, పత్తి చేలో రాత్రి నీళ్ళు కట్టడానికి పోయే మనోళ్ళకి పాము కాటు పెద్ద గండం. కాటు పడితే పసరు, వేరు, మంత్రం అంటూ ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు ఇంజక్షనే మందు. పెద్దల జ్ఞానాన్ని గౌరవించడం వేరు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం వేరు.

ఇప్పుడు సీసా కథకి వద్దాం. నెబ్రాస్కా రాష్ట్రంలో పావ్నీ సిటీ అని ఒక ఊరు. ఊరి పేరు చూడండి, పావ్నీ. తెగ పేరు ఊరికి మిగిలింది, తెగని మాత్రం 1870ల్లోనే అక్కడి నుంచి దక్షిణాన ఓక్లహోమా వైపు పంపించేశారు. ఆ ఊళ్ళో మేయర్ అనే జర్మన్ సంతతి వ్యాపారి ఉండేవాడు. ఆదివాసుల దగ్గర ఈ వేరు గురించి తెలుసుకుని, రక్తశుద్ధి మందు అని సొంత పేరు పెట్టి అమ్మకం మొదలుపెట్టాడు. 1880ల మధ్యలో ఆ మొక్కని సిన్సినాటిలో ఉన్న డాక్టర్ జాన్ కింగ్‌కి, మందుల తయారీదారు జాన్ ఉరి లాయిడ్‌కి పంపాడు. మందు మీద నమ్మకం లేకపోతే మీ ముందే పాముతో కరిపించుకుని మందు వేసుకుని చూపిస్తా అన్నాడంట. వాళ్ళు వద్దన్నారు. 1887లో కింగ్ ఈ మందు గురించి వైద్య పత్రికలో రాశాడు. లాయిడ్ సోదరుల కంపెనీ దాన్ని తయారు చేసి అమ్మింది. కొన్నేళ్ళలో మూలికలతో వైద్యం చేసే అమెరికా డాక్టర్లకి ఇది ముఖ్యమైన మందు అయిపోయింది. మందుకి మేయర్ పేరు వచ్చింది, కింగ్ పేరు వచ్చింది, లాయిడ్ పేరు వచ్చింది. మేయర్‌కి వేరు చూపించిన ఆదివాసీ ఆడమనిషో మగమనిషో, వాళ్ళ పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

అదే 1887లో ఇంకోటి జరిగింది. ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం డాస్ చట్టం తెచ్చింది. అప్పటిదాకా తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని ముక్కలు చేసి ఇంటికింత అని పంచి, మిగిలింది బయటోళ్ళకి అమ్మేయడం ఆ చట్టం పని. 1887లో తెగల చేతిలో ఉన్న భూమి 13 కోట్ల 80 లక్షల ఎకరాలు. 1934 నాటికి మిగిలింది 4 కోట్ల 80 లక్షల ఎకరాలు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1883లో, వాళ్ళ రిజర్వేషన్లలో ఇంకో నియమావళి పెట్టారు. దాని ప్రకారం తెగ నాట్యాలు చేయడం నేరం, తెగ వైద్యుడు తన పద్ధతిలో వైద్యం చేయడం కూడా నేరం. తిండి సరుకులు ఆపేయొచ్చు, లోపల వేయొచ్చు.

రెండూ పక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. అదే వేరు సిన్సినాటి షాపులో సీసాలో ఉంటే మందు. లకోటా పెద్దమనిషి సంచిలో ఉంటే నేరం. మొక్కని లోపలికి రానిచ్చారు, మొక్క తెలిసిన మనిషిని బయటికి గెంటారు. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే దేశంలో జరిగాయి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. ఆ ఏళ్ళలోనే మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటికి పల్నాడు మద్రాసు రాజధానిలో భాగం. అడవి సర్కారుది అయింది. పశువుల్ని మేపాలంటే పుల్లరి కట్టాలి. కట్టెపుల్ల తెచ్చుకోవాలన్నా గార్డుకి జవాబు చెప్పాలి. ఆ పుల్లరి కట్టం అని 1921లో పల్నాడు జనం తిరగబడ్డారు. పశువుల్ని అడవిలోకి తోలారు, అధికారులకి ఊళ్ళో నిప్పు, నీళ్ళు పుట్టకుండా చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. ఆయన పేరు మనకి పాఠాల్లో ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ పుల్లరి రాకముందు ఆ అడవిలో ఏ గడ్డ యాడ దొరుకుద్దో, ఏ బంక ఏ నెలలో కారుద్దో తెలిసిన చెంచుల పేర్లు ఏ పాఠంలోనూ లేవు.

ఇంకా ముందు 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 తర్వాత అది మద్రాసు రాజధానిలో కూడా అమలైంది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్లలో పెట్టారు. అప్పటి గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్ట్‌పురం అట్టా పుట్టిందే. హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. ఊరూరూ తిరిగి బుట్టలల్లి, ఉప్పు అమ్మి, సోది చెప్పి, దారిలో ఆకూ అలమూ ఏరుకుని మందు చేసే మనుషులకి ఊరు దాటొద్దంటే ఆ విద్య ఏమవుద్ది? 1952లో ఆ చట్టం పోయింది. కానీ మధ్యలో ఒక తరం పెద్దలు పిల్లలకి చెప్పుకోవాల్సింది చెప్పుకోలేకపోయారు. యానాదులకి పసరు మందుల్లో, పాములు పట్టడంలో ఎంత పేరుందో మనకి తెలుసు. ఇయ్యాల ఆ ఇళ్ళ పిల్లల్ని అడగండి, ఎన్ని ఆకుల పేర్లు చెప్పగలరో.

మళ్ళీ పువ్వు దగ్గరికి. 1909లో అమెరికా వైద్యుల సంఘం ఈ మందు పనికిరానిదని తేల్చేసింది. తర్వాత కొత్త మందులు వచ్చాక అక్కడ వాడకం పడిపోయింది. ఈలోగా 1930ల చివర్లో జర్మనీ నుంచి మడౌస్ అనే మందుల కంపెనీ యజమాని అమెరికా వచ్చి విత్తనాలు తీసుకుపోయాడు. ఆయన కోరుకుంది ఆదివాసులు ఎక్కువగా వాడిన సన్న ఆకు జాతి, ఆంగుస్టిఫోలియా. తీరా జర్మనీలో మొలిచాక చూస్తే అది పర్పూరియా, ఊదారంగు జాతి. ఉన్నదాంతోనే తోటలు వేసి మందు చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఇళ్ళ తోటల్లో పెరిగేది, మందుల్లో ఎక్కువగా వాడేది ఆ పర్పూరియానే. అంటే తెగలు చెప్పిన మొక్క ఒకటి, సీసాలో ఉన్నది చాలాసార్లు దాని చెల్లెలు.

మరి ఇది పనిచేస్తుందా? 2014లో 24 పరీక్షల్ని, 4,631 మందిని కలిపి లెక్క చూసిన ఒక పెద్ద సమీక్ష వచ్చింది. జలుబు తగ్గించడంలో గట్టి రుజువు దొరకలేదని తేలింది. కొన్ని రకాలకి కొంచెం మేలు ఉండొచ్చేమో అన్నారు, అంతే. కాబట్టి గ్రూపులో ఎవరైనా ఎకినేషియా మాత్రలు అమ్మే లింకు పెడితే డబ్బులు తగలేయొద్దు.

పనిచేసినా చేయకపోయినా గిరాకీ మాత్రం ఆగలేదు. 1990ల్లో అమెరికాలో మూలికల వ్యాపారం పెరిగినప్పుడు మోంటానా, ఉత్తర డకోటా, కాన్సాస్ బయళ్ళలో జనం గడ్డపలుగులు పట్టుకుని వేర్లు తవ్వారు. వాళ్ళలో రిజర్వేషన్లలో ఉండే ఆదివాసులు కూడా ఉన్నారు. పని లేదు, చేతిలో పైసా లేదు, కిలో వేరుకి ఇంతిస్తామని ఎవరో లారీ వేసుకుని వచ్చారు. తాతలు ప్రార్థన చేసి ఒక్క వేరు తీసుకున్న చోట మనవళ్ళు గోతాలు నింపారు. పక్కోళ్ళ పొలాల్లో దొంగతనంగా తవ్వడం ఎక్కువైతే 1999లో ఉత్తర డకోటా దాని మీద చట్టం చేయాల్సి వచ్చింది. ఆకు కోస్తే మళ్ళీ చిగురేస్తుంది, కాయ కోస్తే చెట్టు ఉంటుంది. వేరు తవ్వితే మాత్రం చాలాసార్లు మొక్క కథ ముగిసినట్టే.

ఇక్కడికొచ్చాక మనకి మారేడు గడ్డలు గుర్తు రావాలి. బిల్వం మారేడు కాదు, నన్నారి షర్బత్‌కి వాడే మారేడు గడ్డలు. నల్లమలలో రాళ్ళ సందుల్లో పాకే తీగ. వేరు కమ్మటి వాసన. చెంచులు, యానాదులు దీన్ని తవ్వి అమ్ముతారు. ఎండాకాలం వస్తే బజార్లో సోడాబండి మీద నన్నారి సీసా లేకుండా ఉండదు. ఆ తీగ ఇప్పుడు అంతరించే ప్రమాదం ఉన్న మొక్కల ఎర్ర జాబితాలో ఉంది. కారణం అదే, వేరు కోసం తవ్వడం. తవ్వేవాడికి కిలోకి వచ్చేది కొంచెం. సీసా మీద తవ్వినవాడి ఊరు పేరు కూడా ఉండదు. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు చెంచు గూడేల్లో మనోళ్ళని అడగండి, గడ్డ కోసం ఇప్పుడు ఎంత లోపలికి పోవాల్సి వస్తుందో వాళ్ళే చెబుతారు. తప్పు తవ్వే మనిషిది కాదు. వేరే పని లేకుండా చేసి, తవ్వినదానికి సరైన ధర ఇవ్వకుండా, అడవిని నువ్వే పాడుచేశావంటే అది న్యాయం కాదు.

అయితే పోయిన మొక్క తిరిగి రావడం కూడా ఈ పువ్వు చరిత్రలోనే ఉంది. టెన్నెసీ రాష్ట్రంలో నాష్‌విల్ నగరం చుట్టుపక్కల ఒక ఎకినేషియా జాతి ఉంది. సున్నపురాయి పలకల మీద పల్చటి మట్టిలో, చెట్టు నీడ లేని చోట పెరుగుతుంది. పిడుగురాళ్ళ, మాచర్ల వైపు నాపరాళ్ళ నేల చూసినోళ్ళకి ఆ నేల ఎట్టా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇళ్ళు, రోడ్లు పడి ఆ నేల పోతుంటే మొక్క దాదాపు అయిపోయింది. 1979లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. మిగిలిన నేలని కాపాడారు, విత్తనం తీసి పెంచి కొత్త చోట్ల నాటారు. 2011లో ఇక ప్రమాదం లేదని జాబితాలోంచి తీసేశారు. 32 ఏళ్ళు పట్టింది. నేలా కావాలి, విత్తనమూ కావాలి, ఓపికా కావాలి.

సరే, ఇంత చదివాక ఒక మొక్క వేసి చూద్దాం అనిపిస్తే ఎట్టా పెంచాలో కూడా చెప్పుకుందాం. దీన్ని పెంచడం తెలిస్తే వేరు మందు మొక్కలన్నిటి సంగతీ కొంత తెలుస్తుంది.

ఇంట్లో పెంచడానికి పర్పూరియా తేలిక. దాని పుట్టిల్లు చలికాలంలో మంచు పడే దేశం. అక్కడ చలికి పైభాగం ఎండిపోయి, వేరు నేలలో నిద్రపోయి, వేసవి ముందు మళ్ళీ చిగురేస్తుంది. మనకి అంత చలి లేదు కాబట్టి విత్తనాన్ని తడి ఇసుకలో కలిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో నాలుగు వారాలు ఉంచాలి. గడ్డకట్టే అరలో పెట్టకూడదు. పర్పూరియా ఇట్టా చేయకపోయినా కొంత మొలుస్తుంది. సన్న ఆకు జాతికైతే రెండు మూడు నెలల చల్లదనం కావాలి. అక్టోబరు, నవంబరులో ట్రేలో చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు, లోతుగా వేయొద్దు. రెండు మూడు వారాల్లో మొలకొస్తుంది.

మన నల్లరేగడి దీనికి పనికిరాదు. నీళ్ళు పట్టి ఉంచుతుంది, మొదలు కుళ్ళిపోతుంది. గరప నేలయితే మేలు. రేగడి తప్ప ఇంకేం లేకపోతే జానెడు ఎత్తున మడి కట్టి, ఇసుక, చిన్న రాళ్ళు కలపాలి. కుండీ అయితే అడుగున చిల్లు తప్పనిసరి. నాలుగు ఆకులొచ్చాక అడుగున్నర దూరంలో నాటాలి. రోజుకి ఆరు గంటల ఎండ ఉండాలి. కానీ ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు ఎండ దాని పుట్టింటి ఎండ కాదు. మధ్యాహ్నం నుంచి నీడ పడేలా చూసుకోవాలి, లేదా పాత చీర పందిరి కట్టాలి. కుండీలో పెడితే జరుపుకోవడానికి వీలుగా ఉంటుంది.

మొదటి ఏడాది ఆకులే వస్తాయి. పూలు మామూలుగా రెండో ఏడాది. యూరియా వేసి తొందర పెట్టొద్దు, కాడ మెత్తబడి పడిపోతుంది. కొంచెం మాగిన ఎరువు చాలు. నీళ్ళు మొదట్లో పోయాలి, ఆకుల మీద కాదు. మట్టి పైన ఆరాకే మళ్ళీ పోయాలి. వాడిన పూలు తుంచితే కొత్త మొగ్గలొస్తాయి. ఆఖరి పూలని మాత్రం వదిలేయాలి. బొడ్డు ఎండితే విత్తనం మనకి, పిట్టలకి. మూడు నాలుగేళ్ళకి గుబురు పెరిగితే విడదీసి నాటుకోవచ్చు. అక్కడ పొలాల్లో వేరు తవ్వేది కూడా మూడు నాలుగేళ్ళు ఆగిన తర్వాతే. ఇక్కడ మన వేడికి అది అక్కడిలా ఏళ్ళ తరబడి నిలబడుతుందని పెద్ద ఆశ పెట్టుకోవద్దు. పూసినన్నాళ్ళు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి, అది చాలు. మన సంక్రాంతి ముగ్గులోకొచ్చే బంతి కూడా ఒకప్పుడు మెక్సికో ఆదివాసుల పువ్వే. సముద్రం దాటొచ్చి మనదైపోయింది.

పెంచడంలో తెలిసే పాఠం ఏంటంటే, వేరు మందుకి మూడు నాలుగేళ్ళ బతుకు పెట్టుబడి. తవ్వడానికి పది నిమిషాలు. అందుకే మారేడు గడ్డ విషయంలో మేము అనుకున్నది ఇది: తీగలో కాయలున్నవాటిని వదిలేయాలి, కాయ పగిలి దూదితో విత్తనం ఎగిరాకే ఆ చోట తవ్వాలి. వేరంతా లాగకుండా కొంత తల్లివేరు లోపల ఉంచాలి. గూడెం పక్కనే, పెరట్లో, రాళ్ళ గట్ల మీద విత్తనం వేసి పెంచుకోవాలి. ఇవేవీ కొత్త సంగతులు కావు. పాత రోజుల్లో చాలామంది పెద్దలు చేసిందే. తప్సి బంక విషయంలో చూడండి, గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చస్తుంది, చిన్న గాటు పెట్టి ఆగి ఆగి తీస్తే ఏళ్ళ తరబడి ఇస్తుంది.

ఇంక జ్ఞానానికి హక్కు సంగతి. మన దేశంలో దీనికి ముందుగా చెప్పే ఉదాహరణ కేరళ కాణి తెగది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి మనుషులు అలసట లేకుండా నడుస్తున్నారు. మధ్యమధ్యలో ఏవో చిన్న కాయలు తింటున్నారు. అడిగితే ఆరోగ్యపచ్చ అని మొక్కని చూపించారు. దాంతో తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యానం వాళ్ళు జీవని అనే మందు చేసి, 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకి, అమ్మకాల మీద 2 శాతానికి ఇచ్చారు. అందులో సగం కాణిలకి అని ఒప్పుకున్నారు. 1997లో కాణిల ట్రస్టు ఏర్పడింది, 1999లో 5 లక్షలకు పైగా డబ్బు అందింది. దాంట్లో లోపాలున్నాయి. ముందుగా తెగ మొత్తాన్ని అడగలేదు, అడవిలో ఆ మొక్క పెంచడానికి అటవీ శాఖ అభ్యంతరాలు పెట్టింది. అయినా వేరు చూపించిన మనిషికి సీసాలో వాటా ఉందని కాగితం మీద ఒప్పుకున్న మొదటి సందర్భాల్లో అదొకటి. 1887లో మేయర్ కాలంలో ఎవరూ అట్టా అనుకోలేదు.

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ జ్ఞానానికి వాటా ఇవ్వక్కర్లేదన్నారు. అంటే రాయని జ్ఞానం, నోటి మాటగా మన గూడేల్లో ఉన్న జ్ఞానం, అది ఎవరిదో మనం చూపించుకోగలగాలి. ఇంకోటి. పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీల్లో ఉన్న 1/70 రక్షణ మనకి వర్తించదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఉన్న ప్రతిచోటా వర్తిస్తుంది. సెక్షన్ 3లో చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉంది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకి ఆవాస హక్కు కూడా ఉంది. వీటిని అడగాల్సింది గ్రామసభ. వ్యక్తిగత పట్టా కోసం అర్జీ పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉమ్మడి హక్కు కోసం పెట్టిన గూడేలు ఎన్ని? గ్రూపులో తెలిసినవాళ్ళు చెప్పండి.

చివరిగా మేము అడిగేది మూడు పనులు. ఒకటి, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నోటుబుక్కు తీసుకుపోండి. నాయనమ్మనో, తాతనో, పక్కింటి పెద్దమనిషినో అడిగి పది మొక్కల పేర్లు మన మాటలో రాయండి. చెంచుల మాటైనా, ఎరుకల మాటైనా, లంబాడీ మాటైనా అట్టాగే తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఎవరు చెప్పారో, ఏ గూడెమో, ఏ తేదీనో పక్కనే రాయండి. రెండు, మందు తయారీ వివరాలు మాత్రం ఈ గ్రూపులోనో, యూట్యూబ్‌లోనో పెట్టొద్దు. ఆ నోటుబుక్కు గూడెంలో, గ్రామసభ దగ్గర ఉండాలి. ఎవరికి చెప్పాలో చెప్పిన పెద్దలే నిర్ణయించాలి. మూడు, ఒక్కొక్కరు ఒక్క తీగో మొక్కో విత్తనంతో పెంచండి, మారేడు అయితే మరీ మంచిది.

గిల్‌మోర్ అనే బయటి మనిషి రాసి ఉండకపోతే దువ్వెన మొక్క అనే పేరు ఇయ్యాల మనకి తెలిసేది కాదు. మన మొక్కల పేర్లు రాయడానికి బయట నుంచి ఎవరో రావాల్సిన పని లేదు. కాలేజీలో చదువుకుంటున్న మనమే ఉన్నాం.

మీ గూడెంలో మారేడు గడ్డని ఏమంటారో కింద రాయండి. ఎన్ని పేర్లు వస్తాయో చూద్దాం.

జోహార్.